గాజు గ్లాసులో కట్ట నీళ్లు

మొన్న పొద్దున ఘనపూర్ వైపు నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, మా బాపు పోయిండు" అని ఆయన బిడ్డ ఒక్క మాట చెప్పి ఏడ్చింది. ఏళ్ల తరబడి ఒకే ఆనకట్టను కనిపెట్టుకుని ఉన్న మా లష్కర్ తాత ఇక లేడు. తూములు ఎత్తడం, దించడం, కట్ట పొడవునా నడిచి చూడడం లష్కర్ పని. ఇంజనీరుగా సంతకాలు పెట్టడం నా పని. ఎవరి దగ్గర ఎవరు పని నేర్చుకున్నారో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పాలకుర్తి నుంచి నేను కొత్త ఉద్యోగానికి వచ్చిన ఎండాకాలంలో, ఆ పాత కట్ట ఎంత భద్రమో తేల్చి రాయమన్నారు. అందులో మూడు రకాలు. మొదటిది తెగే ప్రమాదం ఉన్నది, రెండోది వెంటనే మరమ్మతు చేయాల్సింది, మూడోది పెద్ద లోపాలు లేనిది. నేను పోయేసరికి కట్ట వెనక అడుగున బురద తప్ప నీళ్లు లేవు. కట్ట బుద్ధిమంతురాలిలా పొడిగా ఉంది. మూడో రకం అని రాసేశాను. తాత నా వెనకాలే గొడుగు పట్టుకుని నడిచాడు. జీపు ఎక్కుతుంటే మాత్రం నోరు విప్పాడు.

"ఎండిన కట్టను మెచ్చుకునుడంటే, నిద్రపోయేటోని ఓపికను మెచ్చుకున్నట్టే బిడ్డా."

నవ్వి ఊరుకున్నాను. పైగా ఆయన తండా కట్ట కిందే ఉంది కాబట్టి ఊరికే భయపడుతున్నాడని పై అధికారికి చెప్పాను కూడా. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయనకో అలవాటు ఉండేది. రోజూ మధ్యాహ్నం కట్ట దిగువన ఊట కారే చోటికి పోయి, తను చాయ్ తాగే గాజు గ్లాసులోనే ఆ నీళ్లు పట్టి ఎండకు ఎత్తి చూసేవాడు. కట్టన్నాక నీళ్లు కారుతాయి, మట్టి కారొద్దు అనేవాడు. నీళ్లు తేటగా ఉంటే పారబోసి, అదే గ్లాసు కడిగి చాయ్ పోయించుకునేవాడు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యోగులమంతా సమ్మెకు దిగిన వానాకాలం అది. ఆఫీసు ముందు టెంటు వేసుకుని కూర్చున్నాం. ముందు వరసలో తాత, అందరికంటే పెద్ద గొంతు తాతది. కానీ పొద్దు నడినెత్తికి రాగానే లేచి సైకిలెక్కేవాడు. సమ్మెలో డ్యూటీ ఏందని మావాళ్లు ఆటపట్టిస్తే, సమ్మె నాది, కట్టది కాదు అని పోయేవాడు.

ఒకనాడు సైకిల్ ఎక్కకుండా, ఒక చేత్తో దాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. రెండో చేతిలో గ్లాసు, పైన అరచెయ్యి మూసి. నా ముందు పెట్టాడు. నీళ్లు ఎర్రగా ఉన్నాయి, అడుగున మట్టి పేరుకుంది. కట్ట లోపల నుంచి కోసుకుపోతోందని నాకు అర్థమైంది. రిపోర్టు మార్చడానికి ఆఫీసు కాగితం ముట్టుకుంటే సమ్మె విడిచినట్టు. ముట్టుకోకపోతే నా తప్పు తండా మీద పడుతుంది. నేను అందరి మొహాలూ చూస్తున్నాను.

"రాష్ట్రం రేపైనా వస్తది బిడ్డా. తండా కొట్టుకపోతే మల్ల రాదు."

అందరూ కట్ట వైపు కదిలారు, టెంటు ఖాళీ అయింది. నీటిమట్టం తగ్గేలా తాత తూములు ఎత్తాడు. తండావాళ్లను బడికి చేర్చి, మట్టి ఆగి నీళ్లు మాత్రమే బయటికి పోయేలా ఊట మీద ముందు ఇసుక, దాని మీద కంకర పోశాం. ఎట్ల పోయాలో ఆయనే చెప్పాడు. కట్ట దగ్గరికి పోయే ముందే నేను ఆ ఖాళీ టెంటులో కూర్చుని, రిపోర్టులో మూడో రకం కొట్టేసి మొదటి రకం అని రాశాను. మూడో రోజుకు నీళ్లు తేటపడ్డాయి. "ముందే చెప్పిన కదా బిడ్డా" అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. నా జీవితంలో అంత పెద్దమనిషిని మళ్లీ చూడలేదు.

నిన్న తండాకు పోయాను. గ్లాసు కిటికీలో బోర్లించి ఉంది. ఆయన బిడ్డను అడిగి దాన్ని తీసుకుని కట్ట కిందికి నడిచాను. ఊట నీళ్లు పట్టి ఎండకు ఎత్తాను. నీళ్లలోంచి అవతల తండా ఇండ్లు, ఆరేసిన బట్టలు, ఆడుకునే పిల్లలు తేటగా కనిపించారు.