మామ్మ నోట సీతాఫలం

అమలాపురం బజారులో మాగిన సీతాఫలాల వాసన తగిలితే మామ్మే గుర్తొస్తుంది.

తాతగారి పేరు సీతారామయ్య. భర్త పేరు పలకకూడదని మామ్మ ఆ పండునీ ‘కళ్ళపండు’ అనేది. ఇంట్లో ఆవిడ దగ్గరే చదువుకున్న నాకూ ఆ పండు పేరు అదే. పళ్ళమ్మే ఆవిడ “సీతాఫలాలండీ” అని కేకేస్తే, తాతగారిని పేరు పెట్టి పిలుస్తోందని హడలిపోయేదాన్ని.

తాతగారు పోయిన ఏడాది పళ్ళమ్మే ఆవిడ గంప దించి, “కళ్ళపళ్ళు తెచ్చేనండీ మామ్మగారూ” అంది.

“సీతాఫలాలు ఎలాగిస్తున్నావే?” అంది మామ్మ.

నేను గబుక్కున ఆవిడ కొంగు లాగేను. “అయ్యో మామ్మా, పేరు పలికేసేవు!”

“ఒక్కసారైనా పిలిచి చూద్దామని, తల్లీ” అంది, పళ్ళు ఏరుకుంటూనే.

దేవుడి దయవల్ల మావారు నా ఎదుటే ఉన్నారు. నేను ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను.