క్వారీలో ఒలికిన మజ్జిగ

ఆ రోజుల్లో ఉద్యోగం వచ్చిందంటే, దాంతోపాటే మనకు అన్నీ తెలుసన్న నమ్మకం కూడా వచ్చేసేది. నాకైతే మొదటి జీతం కంటే ముందే వచ్చింది. తొంభైల చివర్లో బెంగుళూరు పక్కన జిగణిలో ఒక ఫ్యాక్టరీలో చేరి, దగ్గర్లోనే గది అద్దెకు తీసుకున్నాను. ఆదివారాలు పిట్టల్నీ పురుగుల్నీ చూస్తూ తిరిగే ఒక గుంపులో ఎలాగో దూరాను. దాని పెద్దకు మేం పెట్టుకున్న పేరు సైలెన్స్ సార్. (ఆయన నోట పిట్టల పేర్ల కంటే ఆ మాటే ఎక్కువ వినేవాళ్లం.) ఆయన మెప్పు కోసం ఒకరోజు, "మా దగ్గర మూతబడ్డ రాళ్ల క్వారీ ఉంది సార్, సీతాకోకచిలుకలు ముసురుకుని ఉంటాయి" అనేశాను. నేను చూసింది వానలు పడ్డాక. ఆయన బయల్దేరింది నడి మే నెలలో! "ఒక్కటీ కనబడకపోతే వచ్చే వారం నుంచి నువ్వు ఇంట్లో పడుకోవచ్చు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకది నవ్వులాట కాదు. ఊరుగాని ఊళ్లో నాకున్న స్నేహితులంతా ఆ గుంపువాళ్లే.

పైగా మా ఇంటి ఓనరమ్మ వెంటపడింది. తాతల కాలం నుంచీ అక్కడే ఉన్న తెలుగావిడ. "ఈ ఎండలో సుమ్నే, ఊరికే పోతారా అప్పా? మజ్జిగ లేకుంటే పడిపోతారు. నేనూ వస్తా ఉండా" అంటూ, ఉప్పూ కరివేపాకూ దట్టించిన మజ్జిగ స్టీలు క్యాను నిండా పోసుకుని మా కంటే ముందు నడిచింది. తీరా క్వారీలోకి దిగితే ఏముంది, నా మొహం! నీళ్లగుంట ఎండి నెర్రెలిచ్చింది. బండ మీద ఒక తొండ మాత్రం నన్ను చూసి తలాడించింది. ఎంతసేపు నిలబడ్డా రెక్క కదల్లేదు. సార్ మొహం గంటుపెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఓనరమ్మ క్యాను మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టింది.

"తాగప్పా."

"సైలెన్స్!"

"తాగి సైలెన్సుగా ఉండప్పా, ఎవరు వద్దనిరి?"

ఆయన విసుగ్గా చెయ్యి విదిలించాడు. అది క్యానుకు తగిలి మజ్జిగంతా నేలపాలైంది. "అయ్యో దేవుడా! పొద్దున లేసి చిలికింది కదప్పా!" అని ఆవిడ లబలబలాడింది. అందరం పోయి కానుగ చెట్టు నీడన కూలబడ్డాం. నా పని అయిపోయిందనుకున్నాను.

ముందు ఒక పసుపుపచ్చది వచ్చి ఆ తడిమట్టి మీద వాలింది. తర్వాత తెల్లవి. ఆ తర్వాత నల్ల రెక్కల మీద నీలిపట్టీ ఉన్నవి. కాసేపటికి మజ్జిగ పారినంత మేరా రెక్కలే! వేసవిలో వాటికి తడీ ఉప్పూ దొరికితే పండగేనట. (ఆ ముక్క సార్ తర్వాత చెప్పాడు. నేను ముందే తెలిసినట్టు తలూపాను.) సార్ ఆ బురదలోనే బోర్లా పడుకుని, చొక్కా నిండా కరివేపాకు అంటించుకుని, "అబ్బబ్బ! ఇది చూడండ్రా!" అని ఫొటోలు తీస్తూ కేకలు. ఓనరమ్మ వంగి, "మెల్లగప్పా, ఎగిరిపోతాయి" అంది. నేను మాత్రం గెలిచేశానని ఎగిరి గంతేశాను. గెలిపించిందెవరో నాకప్పుడు పట్టలేదు.

మరుసటి ఆదివారం పొద్దున్నే గుమ్మం ముందు వ్యాను హారను మోగింది. పిలుపు వచ్చిందిరా భగవంతుడా అని, ఒక కాలికే బూటు తొడుక్కుని పరుగెత్తాను. సార్ కిటికీలోంచి తల బయటపెట్టి, నా వెనక్కి చూస్తూ, "అమ్మగారు తయారయ్యారా?" అన్నాడు. ముందు సీటు ఆవిడకు. నన్ను వెనక సంచుల మధ్య కుక్కారు. అయినా ఆనాటి నేననే ఆ కుర్రాడు, బెంగుళూరు మొత్తానికీ తానే దారి చూపిస్తున్నంత దర్జాగా కూర్చున్నాడు. ఇప్పుడు ఎక్కడికెళ్లినా నాకు ముందు సీటే ఇస్తున్నారు గానీ, ఆ దర్జా మళ్లీ రాలేదు.