తాలాంత్‌కు నేను రాసిన అంకెలు

మా ఓష్ విమానాశ్రయంలో ఒకప్పుడు ఎవరినడిగినా, నన్ను, బూబుసారా అక్కను, బంగారం అనేవారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండిపోతుంది. బంగారమట! ముప్పై ఏళ్ళు ఒకే గదిలో కూర్చుని, విమానం ఎక్కబోయే ప్రతి పైలట్ చేతికీ పట్టీ కట్టి, బీపీ చూసి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టి పంపించాను. నా సంతకం లేనిదే ఎంత పెద్ద కెప్టెనైనా విమానం మెట్లెక్కకూడదు. అంతటి అధికారం ఇచ్చి కూర్చోబెడితే, ఒక మనిషి బతుకును చేతులారా ఏం చేశానో చెబుతాను వినండి. ఆ మనిషి పేరు తాలాంత్.

అలాయ్ కొండల దారిలో గుల్చా అతని ఊరు. తండ్రి బొగ్గు లారీ తోలేవాడు. ఒక చలికాలం కనుమలో మంచు విరిగిపడి తండ్రి రెండు రోజులు లారీలోనే ఇరుక్కుపోతే, హెలికాప్టర్ వెళ్ళి తీసుకొచ్చిందట. తొమ్మిదేళ్ళ తాలాంత్ ఆ రోజే పైలట్ అవుతానన్నాడు. లారీవాడి కొడుక్కి రెక్కలు మొలుస్తాయట అని ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వారు. బిష్కెక్‌లో చదువుకుని, ఎక్కడెక్కడో చిన్నాచితకా విమానాలు నడిపి, ముప్పై ఆరో ఏట రెండో పైలట్‌గా మా ఊరికి వచ్చాడు.

మిగతావాళ్ళు నా గదిలోకి సంతలోకి వచ్చినట్టు వచ్చేవారు. తాలాంత్ మాత్రం తలుపు తీసే ఉన్నా తట్టేవాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, కూర్చోమనే దాకా నిలబడేవాడు. మాస్కో విమానం దిగగానే కాక్‌పిట్ తలుపు దగ్గర నిలబడి, కూలి పనులకు పోయి తిరిగొస్తున్న ముసలివాళ్ళందరికీ పేరు పేరునా సలాం చెప్పేవాడు. "నీకు ఆ ముసలాళ్ళ పేర్లెలా తెలుసురా?" అని ఒకసారి అడిగాను. "తెలీదక్కా. ప్రతివాణ్ణీ 'అబ్దల్లా బాబాయ్' అంటాను. పదిమందిలో ముగ్గురు పలుకుతారు" అన్నాడు. అలాంటి మనిషి.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. అతనికి కెప్టెన్ అయ్యే వంతు వచ్చింది. ఆ పొద్దున పట్టీ కట్టి చూస్తే నూట యాభై ఐదు బై తొంభై ఎనిమిది. నూట నలభై హద్దు, అది దాటింది. ఆ అంకె రాసి, విమానం ఎక్కనివ్వకుండా ఆపి, పెద్ద డాక్టరు దగ్గరికి పంపడం నా పని. అక్కడ ముప్పై రోజులు పరీక్షలు చేస్తారు.

"అక్కా, ఇప్పుడు నన్ను ఆస్పత్రిలో పడుకోబెడితే నా వంతు ఇంకొకడికి పోతుంది. మళ్ళీ రెండేళ్ళు ఆగాలి" అన్నాడు. మొహం పాలిపోయింది. "రాత్రి బిడ్డకి జ్వరం. నిద్ర లేదు. అంతే."

నా మనసు కరిగింది. చల్లటి నీళ్ళతో మణికట్లు కడుక్కోమన్నాను, పది నిమిషాలు కళ్ళు మూసుకోమన్నాను. రెండోసారి చూస్తే నూట నలభై రెండు. నూట ముప్పై రెండు అని రాశాను. ఒక్క అంకె తేడా, అంతే కదా! అతను నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "మీ మేలు మర్చిపోను" అన్నాడు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు, అంత గొప్పగా అనిపించింది.

తర్వాత అదే అలవాటైపోయింది. మొదట్లో రెండోసారి చూసేదాన్ని. కొన్నాళ్ళకి రెండోసారికి కూడా దిగేది కాదు. ఇంకొన్నాళ్ళకి పట్టీ కట్టడమే మానేశాను. "ఎలా ఉన్నావురా?" అంటే "గుర్రంలా ఉన్నానక్కా" అనేవాడు. నూట ఇరవై ఎనిమిది బై ఎనభై అని రాసేసేదాన్ని. తాలాంత్ ఒక్కడికే కాదు, ఇంకా కొందరికి ఇలాగే రాశాను. అందుకే కదా బంగారాన్నయ్యాను! పక్క షిఫ్టు నర్సు మొదటి అంకే రాసేది. ఆమెను మంత్రగత్తె అని పిలిచేవారు, నేనూ నవ్వేదాన్ని. సిగ్గు లేదు నాకు.

రోజులు మారాయి. మా కంపెనీకి ఐదు విమానాలుండేవి, రెండు మిగిలాయి. వాటిలో ఒకటి ఇంజను లేకుండా ఓ మూల నిలబడి ఉండేది, రెక్కల కింద పిచ్చుకలు గూళ్ళు పెట్టాయి. తాలాంత్‌కు నెలకు మూడు నాలుగు సార్లు కూడా ఎగిరే పని దొరికేది కాదు. ఇంట్లో ఖాళీగా కూర్చుని భార్య చోల్పోన్ ప్రాణం తీసేవాడట. "పప్పు డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దుతున్నాడక్కా, తీసుకెళ్ళి ఏ విమానంలోనైనా పడేయండి" అని ఆమె నా దగ్గర మొత్తుకునేది.

అప్పుడే ఆల్మాటీలో ఉన్న ఒక ఏజెన్సీ నుంచి ఫోను వచ్చింది. దక్షిణ చైనాలో ఒక కంపెనీకి కెప్టెన్లు కావాలి, ఐదేళ్ళ ఒప్పందం, పని వీసా వాళ్ళే ఇప్పిస్తారు. ఏజెంటు పేరు వాదిమ్. అతని మొహం మేమెవరం చూడలేదు, గొంతే. ఇక ఎనిమిది నెలలు ఆ ఇంట్లో వాదిమ్ గురించి తప్ప వేరే మాట లేదు. ఎగిరిన గంటలన్నిటికీ ధ్రువపత్రాలు, పోలీసు కాగితం, వీడియోలో ఇంటర్వ్యూ. తాలాంత్ ఇంగ్లీషు జవాబులు వంటింట్లో పెద్దగా చదువుతుంటే చోల్పోన్ పిండి పిసుకుతూ తప్పులు దిద్దేది. అతనికి నలభై ఎనిమిదేళ్ళు. ఇది పోతే ఇంకో కంపెనీ పిలవదని అందరికీ తెలుసు. చైనా వెళ్తే రోజూ ఎగరొచ్చు. అతనికి కావలసింది అదొక్కటే.

ఒక మధ్యాహ్నం నా గది తలుపు తట్టాడు.

"అక్కా, ఇంకొక్క కాగితం."

"ఏం కాగితంరా మళ్ళీ? నీ పెళ్ళికి కూడా ఇన్ని కాగితాలు పెట్టి ఉండవు."

"పెళ్ళాడింది చోల్పోన్. దయగల తల్లి, ఏమీ అడగలేదు. వీళ్ళు చైనా వాళ్ళు." నవ్వి, తర్వాత గొంతు తగ్గించాడు. "పోయిన పన్నెండు నెలల బీపీ లెక్కలు కావాలట. మీ సంతకంతో."

"అదెంత పని, కూర్చో" అన్నాను.

కూర్చోబెట్టి మరీ రాశాను. అన్నీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని, ఒక రోజు నూట ఇరవై రెండు, ఒక రోజు నూట ముప్పై, అలా మార్చి మార్చి రాశాను. కథలు రాసేవాళ్ళు కూడా అంత శ్రద్ధ పెట్టరేమో. అతను చూస్తూ కూర్చున్నాడు. "ఈమధ్య పొద్దున్నే తలనొప్పి వస్తోందక్కా" అన్నాడు. "ఇన్ని కాగితాలు చూస్తే గాడిదకైనా వస్తుంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా నోరు నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

వీసా వచ్చింది. తాలాంత్ ఉద్యోగానికి రాజీనామా చేశాడు. బయల్దేరే ముందు ఇంట్లో గొర్రెను కోశారు, చోల్పోన్ బోర్సోక్‌లు, అవే పిండి ముక్కలు, వేయించి బల్ల నిండా పోసింది. పెద్దదాన్నని నన్నే దీవించమన్నారు. అందరూ అరచేతులు చాపి కూర్చున్నారు. "పోయిన దారి వెలుగవ్వాలి, ఎక్కిన రెక్క విరగకూడదు, ఓమీన్" అన్నాను. తాలాంత్ చేతులతో మొహం తుడుచుకుంటుంటే అతని కళ్ళు చెమ్మగిల్లాయి. ఇరవై ఏళ్ళ కుర్రాడిలా ఉన్నాడు.

తొమ్మిదో రోజు చోల్పోన్ ఫోన్ చేసింది. "అక్కా, ఆయన వెనక్కి వచ్చేస్తున్నాడు. ఆస్పత్రి పరీక్షలో ఉద్యోగం పోయింది."

నా నోరు ఊరుకుంటుందా? నా తప్పు గుర్తు రావడానికి ముందే చైనా డాక్టర్లను నోటికొచ్చినట్టు తిట్టాను. అతను వచ్చిన మర్నాడు పొద్దున రొట్టెలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పెరట్లో ద్రాక్ష పందిరి కింద కూర్చుని ఉన్నాడు. ముందు ఒక లావుపాటి కవరు.

"వాళ్ళ మొహం, వాళ్ళకేం తెలుసురా!" అన్నాను కూర్చుంటూనే. "కొత్త చోటు, నీళ్ళు పడి ఉండవు. ఆ కాగితాలు ఇలా ఇవ్వు. చైనా భాషలో ఉన్నాయి, ఇక్కడ చదివేవాడెవడు? పొయ్యిలో పడేద్దాం. రాజీనామా వెనక్కి తీసుకో. సోమవారం నా గదికి రా. నేనున్నానుగా."

టీ కెటిల్ పట్టుకుని నిలబడ్డ చోల్పోన్ ఆశగా అతని వైపు చూసింది. తాలాంత్ కవరు మీంచి చెయ్యి తియ్యలేదు.

"నా వెనకాల నూట యాభై మంది కూర్చుంటారక్కా. మీ సంతకం ఉందని కూర్చుంటారు. ఈ కాగితాలు నేనే తీసుకెళ్ళి మన డాక్టర్లకి ఇచ్చేస్తున్నాను. ఇక్కడ కూడా లైసెన్సు పోతుంది, పోనీ."

"ఏముందట అందులో?"

"గుండె గోడ మందమైపోయిందట. మూత్రపిండాలు సగమే పనిచేస్తున్నాయట. పరీక్ష చేసిన డాక్టరు పెద్దాయన, దుబాసీ అమ్మాయితో అడిగించాడు. ఎన్నాళ్ళుగా ఉంది ఈ బీపీ అని. తెలీదన్నాను. గుండె ఇలా కావాలంటే ఏడెనిమిదేళ్ళు పడుతుంది, అబద్ధం చెప్పకు అన్నాడు." కవరు దగ్గరికి లాక్కున్నాడు. "మొదట్లోనే పట్టుకుంటే రోజుకో చిన్న మాత్రతో సరిపోయేదటక్కా. నెల రోజులు ఆపి, మాత్ర కుదిరాక మళ్ళీ ఎగరనిస్తారట. అలాంటి పైలట్లు వాళ్ళ కంపెనీలోనే ముప్పై మంది ఉన్నారట. మీ ఊళ్ళో విమానం ఎక్కే ముందు బీపీ చూడరా అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"చూస్తారు, మా అక్క చాలా మంచిది అన్నాను."

అతను ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ రోజు జరిగిందే చెప్పాడు. చోల్పోన్ కెటిల్ అక్కడే నేల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. లోపల్నుంచి ఆమె ఏడుపు వినిపిస్తూనే ఉంది. కాళ్ళ మీద పడదామనుకున్నాను. అతనికంటే పెద్దదాన్ని కదా, ఎలా పడను? తలగుడ్డ అంచు నమలడం మొదలుపెట్టాను.

"తప్పు మీ ఒక్కరిదే కాదు" అన్నాడు. "అడిగింది నేను. ఏడేళ్ళూ అడిగాను. నన్ను ఆపి ఉంటే మిమ్మల్ని కూడా మంత్రగత్తె అనేవాణ్ణి." తర్వాత నా కళ్ళలోకి చూశాడు. "నాలాంటివాళ్ళు ఇంకా ఎంతమంది?"

అబద్ధం చెప్పాలనిపించింది. అలవాటు కదా.

"నలుగురు" అన్నాను.

"ఇవాళ ఎవరైనా ఎగురుతున్నారా?"

"ఇద్దరు. మధ్యాహ్నం."

"అయితే ఇక్కడేం చేస్తున్నారక్కా? లేవండి."

లేచాను. టాక్సీ పట్టుకుని నేరుగా పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళి ఐదు పేర్లూ చెప్పాను, నేను చేసిందీ చెప్పాను. ఆ మధ్యాహ్నం విమానానికి వేరే పైలట్లను ఇద్దరిని వెతికేసరికి విమానాశ్రయం అల్లకల్లోలమైంది. నా ఉద్యోగం ఆ రోజే పోయింది, పోవలసిందే. నలుగురిలో ఒకడు కారిడార్లో అందరి ముందూ, "పాలు పోసి పెంచిన పామువి నువ్వు" అన్నాడు. ఇంకొకడి భార్య నా ఇంటికొచ్చి శపించి పోయింది. నేను తలుపు వెయ్యలేదు. విన్నాను.

రెండు నెలలు తిరక్కుండానే ముగ్గురు మళ్ళీ విమానం ఎక్కారు, రోజుకో మాత్రతో. నాలుగోవాడికి ఇంకో నెల పట్టింది. నన్ను పామన్నవాణ్ణి నిరుడు అదే వాదిమ్ చైనా పంపించాడు, తాలాంత్ చేరవలసిన కంపెనీకే. ఇంటర్వ్యూకు ఏం అడుగుతారో, ఎలా చెప్పాలో, మూడు వారాలు తన వంటింట్లో కూర్చోబెట్టి నేర్పింది తాలాంతే.

అతను ఇప్పుడు ఓష్ నుంచి గుల్చా మీదుగా మినీబస్సు నడుపుతున్నాడు, వాళ్ళ నాన్న లారీ తోలిన దారినే. మూత్రపిండాల కోసం వారానికి రెండుసార్లు ఆస్పత్రికి పోయి రావాలి. బజారు దగ్గర నేను కనిపిస్తే బస్సు ఆపుతాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, "బావున్నారా అక్కా? ఎక్కండి, దింపుతాను" అంటాడు. ఏదో పనుందని అబద్ధం చెప్పి, బస్సు కనుమరుగయ్యే దాకా ఆ రోడ్డు మీదే నిలబడి ఏడుస్తాను. ఒక్కసారి తిడితే బావుండును. తిట్టడు.