నల్లబడ్డ చెంబుల వరుస

నా చిన్నప్పుడు మేము సూరత్‌లోని లింబాయత్‌లో, మగ్గాల చప్పుడుకు గోడలు అదిరే ఒక సందులో అద్దెకుండేవాళ్లం. ఒకరోజు మా వెనకున్న రంగుల మిల్లు రసాయనాల నీళ్లన్నీ ఒక్కసారిగా కాలువలోకి వదిలేసింది. కుళ్లిన గుడ్ల కంపుతో పొగ లేచింది. సందంతా దగ్గుకుంటూ రోడ్డు మీద పడ్డాం. తిరిగొచ్చి చూస్తే, తళతళలాడే మా ఇత్తడి చెంబు బొగ్గులా నల్లబడి ఉంది. చింతపండు పెట్టి తోమినా పోలేదు.

వారం తిరక్కముందే మిల్లువాళ్లు నష్టపరిహారం ఇస్తారన్నారు. పేర్లు రాసుకోవడానికి ఒక అధికారి వచ్చాడు. నాకైతే జాతరకు పోయినంత సంబరం! పొగ పీల్చి జబ్బుపడ్డ తమ్ముడి మందులు ఆ డబ్బుతోనే కొనాలి మరి. అంతలో, ఊరవతల బంగళాలో ఉండే మా ఇంటి యజమాని సేఠ్ దిగాడు. ఇళ్ల కాగితాలు తన పేరున ఉన్నాయి కాబట్టి సొమ్మంతా తనదేనన్నాడు. అద్దెకున్నట్టు మా దగ్గర చీటీ ముక్క కూడా లేదు. అమ్మ ముఖం వాడిపోయింది.

మా నాయనమ్మ మాత్రం నా చెవిలో, "ఉరుకు బిడ్డా! అందరిని ఇత్తడి చెంబులు తెమ్మను, జల్ది!" అంది. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను. చూస్తుండగానే అధికారి ముందు నల్ల చెంబులు బారులు తీరాయి. పొగ అక్కడిదాకా పోయిందో లేదో చూద్దాం, సేఠ్ బంగళాలోని చెంబునూ తెప్పించమని నాయనమ్మ తనకొచ్చిన హిందీలో ఎంతో మర్యాదగా అడిగింది. సందంతా ఘొల్లున నవ్వింది. సేఠ్ మళ్లీ కాగితాల ఊసెత్తలేదు.

గెలిచామన్న ఉత్సాహంలో నేను పెద్ద మేస్త్రీనైపోయాను. పక్క గదిలో ఒంటరిగా ఉండే ఒడియా కాకాకు ఉన్నది ఒక్క అల్యూమినియం గిన్నె. ఇత్తడిలా అది నల్లబడలేదు. "కాకా తాన చెంబు లేదు, లైన్లకెల్లి తీసెయ్యుండ్రి!" అని అరిచాను. ఆరోజు మా తమ్ముణ్ని భుజాన వేసుకుని పొగలోంచి బయటికి తెచ్చింది ఆయనే. కాకా దగ్గుతూ వెనక్కి తిరిగాడు.

నాయనమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పరుగున పోయి కాకా చెయ్యి పట్టుకుని తెచ్చి వరుస ముందర నిలబెట్టింది.

"తప్పు నాదే బిడ్డా. చెంబు నలుపు కండ్లకు కనవడ్డది. ఈయన ఛాతిల నలుపు ఎవలకు కనవడ్తది?"

ఆయన పేరు మొట్టమొదట రాసేదాకా అధికారిని కదలనివ్వలేదు.

అంత గట్టిగా అరిచినందుకు ఈ వయసులోనూ సిగ్గేస్తుంది. ఎక్కడైనా ఏదైనా పంచుతున్నారంటే, వట్టి చేతులతో వెనక్కి తిరిగిన మనిషి కోసం ముందు చూస్తాను. కనిపిస్తే, పరుగున పోయి చెయ్యి పట్టుకుంటాను.