అమీన్ సాబ్ అంగీ

నేను అమీన్ కొలువు జేసిన. నవ్వకుండ్రి. ఇప్పుడు ఎస్సై అంటున్నరు గని, ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల ఆదిలాబాద్‌ల మేమందరం అమీన్ సాబ్ అనే అంటుంటిమి. భుజాల మీద చుక్కలు, నడుముకు తోలు పట్టా, నెత్తిన టోపీ. అసలు అమీన్ సాబే నన్ను జూసి కుర్చీలకెల్లి లేచి నిలవడ్డడు.

సరే, నిజం చెప్త. నా కొలువు ఫొటోగ్రాఫర్ నల్లగుడ్డల తల దూర్చి బయటికి తీసేటంత సేపే. ఇగ అమీన్ సాబ్ లేచింది సలాం గొట్టనీకి కాదు, నన్ను తన్ననీకి. కొరివితో తల గోక్కున్నోని గురించి మీరు వినే ఉంటరు. వాడు నాకు తమ్ముడైతడు.

మాది బోథ్ పక్క పల్లె. మా మేనమామ ఆదిలాబాద్‌ల జిన్నింగ్ మిల్లుల ముకద్దం, కూలోళ్ల మీద పెద్ద. ఆయన బిడ్డ లస్మిని చేసుకోవాలని నాకు మస్తు పాణం. మామ మాత్రం కుండబద్దలు గొట్టిండు.

"అల్లుడా, సర్కారు నౌకరోనికే నా బిడ్డనిస్త. పోలీసుల భర్తీ ఉన్నదట, దరఖాస్తు పెట్టు. లేకుంటె దసరాకు నిర్మల్ సంబంధం ఖాయం జేస్త."

దరఖాస్తుకు రెండు కావాలె. ఒకటి ఫొటో. రెండోది చాల్‌చలన్, అంటె నడవడి, మంచిదని అమీన్ సాబ్ దస్కత్. ఫొటో గురించి నేను బాగ ఆలోచించిన, అదే తప్పయింది. పెండ్లి ఫొటోకు బాసింగం గట్టుకుంటం గద, మరి పోలీసు ఫొటోకు పోలీసు డ్రెస్సు ఉండొద్దా? నా తెలివికి నేనే మురిసిన.

డ్రెస్సు ఏడ దొరుకుతది? ధోబీ రాజన్న కాక కాడ. అప్పట్ల పెండ్లిళ్లకు సగం ఊరికి పోశాకులు ఆయనే ఇస్తుండె. వకీలు కోటు ఓ పెండ్లికొడుకు ఒంటి మీద ఊరేగుతుండె, సేటు ధోతి ఇంకొకని నడుముకు. పొద్దుగూకేలోపు మళ్ల మడతవడి కూసుంటుండె. ఎవ్వరికీ ఎరుకయ్యేది గాదు.

"కాకా, జవాను డ్రెస్సు ఒక్కటియ్యరాదే."

"జవానులయి మురికిల ఉన్నయ్ బిడ్డా. ఉతికి ఇస్త్రీ జేసింది అమీన్ సాబ్‌దొక్కటే ఉన్నది. పగటాల్లకు, అన్నం తినే యాల్లకు తెచ్చియ్యాలె మరి!"

"ఒక్క ఫొటో కాకా. గిట్ల పోయి గట్ల వస్త."

అమీన్ సాబ్ ధాన్యం గుమ్మి అసొంటి మనిషి. నేను కొయ్యకు తగిలేసిన చేతిసంచి అసొంటోన్ని. అంగీల నాలాంటోళ్లు ముగ్గురు పట్టి, చుట్టానికి గూడ జాగ మిగులుతది. మామ మిల్లుల పత్తి తెచ్చి ఛాతికి కుక్కిన. వెనుక బట్టను గుంజి దబ్బనాలు గుచ్చిన. మింగ మెతుకు లేకున్నా మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, ఛాతి లేకున్నా చుక్కలకు తక్కువ లేదు!

స్టుడియోకు పోతే టోపీ, తోలు పట్టా ఆడ దొరికినయ్ గని, పైన మబ్బు. అప్పుడు ఫొటోకు ఎండ గావాలె. ఫొటోగ్రాఫర్ మొగులు దిక్కు జూస్తడు, నేను ఫొటోగ్రాఫర్ దిక్కు జూస్త. లోపల పత్తి, మీద ఖాకీ, బూరెలెక్క ఉడికిన. సూర్యుడు తొంగి చూసేవరకు పొద్దు వంగింది. డ్రెస్సు వాపసిస్తుంటె రాజన్న కాక మొఖంల నెత్తురు లేదు. నేను పట్టించుకోలే.

ఫొటోలు రెండొచ్చినయ్. ఒకటి మామకిచ్చిన, ఒకటి దరఖాస్తుకు అంటువెట్టి ఠాణాకు వట్టుకపోయిన. అమీన్ సాబ్ దాన్ని దగ్గర వెట్టుకొని జూసిండు, దూరం వెట్టుకొని జూసిండు.

"క్యారే, ఈ ఫొటోలున్నది ఎవరు?"

"నేనే సాబ్."

"గింత ఛాతి ఏడికెల్లొచ్చింది?"

"కసరత్తు జేసిన సాబ్. ఇప్పుడు జర తగ్గింది."

"బొత్తాల సందుల తెల్లగ ఏంది గది?"

వంగి జూసిన. పత్తి! పావురం పిల్ల లెక్క తొంగి చూస్తున్నది.

"దస్తీ సాబ్, చెమట తుడుసుకునేది."

ఆయన వేలు జేబు కింది కుట్టు మీద ఆగింది. మొఖం మిరపపండయింది.

"అరే, ఇది మా బేగం కుట్టిన కుట్టు! గోడ మొలకు తట్టుకొని చినిగితే నన్ను తిట్టుకుంట కుట్టింది. ఇది గూడ నీ కసరత్తుకే వచ్చిందారా?"

గప్పుడే లేచిండు.

"జిల్లా పోలీసు దొర తనిఖీకొచ్చిన నాడు నా డ్రెస్సు కోసం జవాన్లను రాజన్న ఇంటికి ఉరికిచ్చిన. మబ్బు గద సాబ్, ఆరలేదన్నడు. పాతది తొడుక్కొని సలాం గొడితే బొత్తం ఎగిరి దొర చాయకప్పుల వడ్డది! పరాయోని అంగీ తొడిగినోనికి నేను మంచి చాల్‌చలన్ రాయాల్నా?"

జవాన్లు గోడ దిక్కు తిరిగి నవ్వాపుకోలేక భుజాలు ఊపుతున్నరు. నేను దబ్బున కాళ్ల మీద వడ్డ.

"దస్కత్ లేకుంటె దరఖాస్తు లేదు, దరఖాస్తు లేకుంటె లస్మి లేదు సాబ్. నిర్మల్ పోతది!"

"లస్మి ఎవరు?"

చెప్పిన. ఆయన కూసున్నడు. మీసం కింద ఏదో మెదిలింది.

"రాజన్నను ఏమనను, నువ్వు పరేషాన్ గాకు. దసరా దాక నా డ్రెస్సు నువ్వే ఇస్త్రీ జెయ్యాలె. నీ అంగీల ఫొటో దిగి రా, దస్కత్ జేస్త."

చేసిండు, మాట మనిషి. తర్వాత పరీక్షకు పోయిన. డాక్టర్ ఛాతికి టేపు చుట్టి, "ఊపిరి పీల్చు" అన్నడు.

"పీల్చిన సాబ్."

"ఎప్పుడు?" అన్నడు.

నా పోలీసు కొలువు ఆడనే ముగిసింది.

మొఖం యాలాడేసుకొని మామింటికి పోతే, గోడ మీద నా ఖాకీ ఫొటో, దానికి దండ. బతికున్నోనికి దండేందే మామా అంటె, ఆయన తలుపు దగ్గరికేసి గుసగుసలాడిండు.

"మిల్లు గల్లీ అంత నా అల్లుడు అమీన్ అని చెప్పుకున్న. ఇప్పుడు ఫొటో దించితే నా ఇజ్జత్ దిగుతది. నౌకరీ రాకున్నా ఫికర్ లేదు, నోరు మూసుకొని పిల్లను జేసుకో!"

చేసుకున్న. మిల్లుల్నే పని ఇప్పిచ్చిండు, పత్తి కాడ. ఆ ఫొటో ఇప్పుడు మా ఇంట్ల ఉన్నది. లస్మి రోజూ దుమ్ము తుడుసుకుంట అంటది, "నన్నిస్తమన్నది ఈ ఫొటోల ఆయనకు. ఆయన ఇంక రాలే."

ఎరువు సొమ్ము బరువు చేటంటరు. నేనంట, ఎరువు అంగీ పరువు చేటు. అందుకే మీ అందరి సాక్షిగ, ఈ చలిమంట సాక్షిగ, రాజన్న కాక ఇస్త్రీ పెట్టె సాక్షిగ ఒట్టేస్తున్న: నాది గాని అంగీ నా ఒంటి మీద వడదు!

"ముందుగాల గా స్వెటర్ విప్పుండ్రి. చిన్నల్లుడు చలికి వణుకుతున్నడు" అంటున్నది లస్మి.