మాట మాత్రం వినపడని హెడ్‌ఫోను

రూబెన్‌కు ఇరవై రెండేళ్ళ వయసులో చూపు పోయింది. ఒక్క రోజులో పోలేదు. మొదట చీకట్లో కనపడటం మానేసింది, తర్వాత పక్కనున్నవి కనపడలేదు, చివరికి ఎదురుగా ఉన్న మనిషి ముఖం కూడా మాయమైంది. కర్నూలులో చూసిన కంటి డాక్టరు, రూబెన్ నాయన మందులు కొనడానికి బయటికి వెళ్ళినప్పుడు, అతనితో ఒంటరిగా ఒక మాట అన్నాడు.

"ఈ జబ్బున్న కొందరికి ముందు ముందు వినికిడి కూడా తగ్గుతుంది. శబ్దం వినపడుతుంది కానీ మాట తెలియదు. అందరికీ కాదులే."

ఆ మాట రూబెన్ ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఏళ్ళు దాటినా చెప్పలేదు. పెళ్ళి చేసుకున్న కృపావతికి కూడా చెప్పలేదు.

ఆళ్ళగడ్డలో వాళ్ళ ఇల్లు రాతి శిల్పులు పనిచేసే షెడ్ల వెనక సందులో ఉంది. కృపావతి అంగన్‌వాడీ టీచరు. సభల్లో ఉపన్యాసాలు, పాస్టర్ల ప్రసంగాలు నంద్యాలలోని ఒక ప్రెస్సువాళ్ళు రికార్డు చేసి పంపితే, రూబెన్ ఇంట్లో కూర్చుని విని టైపు చేసి పంపుతాడు. తెర మీద ఉన్నదంతా చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి అతని కంప్యూటర్లో ఉంది. ఏ మీట నొక్కినా ఆ గొంతు చెవిలో చెప్తుంది.

ఆ కంప్యూటరు కూడా అతను సొంతంగా బిగించుకున్నదే. నాలుగేళ్ళ కిందట నంద్యాలలో ఖాజా పీర్ దుకాణంలో విడిభాగాలు కొన్నాడు. ఖాజా పీర్ ఒక్కొక్కటే చేతిలో పెట్టి పేరు చెప్తుంటే తడిమి గుర్తుపెట్టుకుని, ఇంటికి తెచ్చి రెండు రోజుల్లో బిగించాడు. మొదటిసారి అది మాట్లాడిన రోజు సందులో వాళ్ళందరినీ పిలిచి వినిపించాడు.

ఒక సోమవారం కృపావతి అంగన్‌వాడీకి వెళ్ళిపోయాక, రూబెన్ హెడ్‌ఫోను తలకు తగిలించుకుని కంప్యూటరు ఆన్ చేశాడు. రోజూ చెవిలో పలికే గొంతు ఎక్కడో బావి అడుగున గొణిగినట్టు వినిపించింది. మాట అనే సంగతి తెలుస్తోంది కానీ ఏ మాటో తెలియడం లేదు. సౌండు పెంచాడు. గొణుగుడే పెరిగింది. ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. అంతే. కంప్యూటరు కేబినెట్ ముందు భాగంలో గుచ్చిన హెడ్‌ఫోను పిన్ను పీకి, చొక్కాకు తుడిచి, మళ్ళీ గుచ్చాడు. మార్పు లేదు.

ఫైళ్ళన్నీ ఏ వరుసలో ఉన్నాయో అతనికి కంఠతా వచ్చు. మీటలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి చర్చి కాయిర్ పాట ఒకటి పెట్టాడు. తబలా వచ్చింది. కీబోర్డు వచ్చింది. రెండు చెవుల్లోనూ గలగలా వాయిద్యాలు. పాడే మనిషి మాత్రం లేడు.

రూబెన్‌కు కర్నూలు డాక్టరు మాట గుర్తొచ్చింది. శబ్దం వినపడుతుంది కానీ మాట తెలియదు.

అతను హెడ్‌ఫోను తీసి కదలకుండా కూర్చున్నాడు. షెడ్లలో ఉలి దెబ్బలు వినిపిస్తున్నాయి. రోజూ ఇంత సన్నగానే వినిపించేవా? నిన్న ఎట్లా ఉన్నాయో గుర్తు చేసుకోబోయాడు. నిన్న ఎవరు పట్టించుకున్నారు గనక? ఫోను తీసి, అందులో మాట్లాడే గొంతును విన్నాడు. బాగానే ఉంది. అయితే ఫోను చెవికి ఆనించి పెట్టుకునేదే కదా! సౌండు ఎంతలో ఉందో చూసుకున్నాడు. పైనుంచి రెండో మెట్టులో ఉంది. ఎప్పుడూ అక్కడే ఉండేదా, ఈమధ్య తనే పెంచుకుంటూ వచ్చాడా అన్నది అతనికి తెలియలేదు.

తేల్చుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. అది అతనికి మొదటి గంటలోనే తట్టింది. హెడ్‌ఫోను కృపావతి తలకు పెట్టి, ఏం వినపడుతోందో అడగడమే. ఆమెకూ బావిలో గొణుగుడే వినపడితే తప్పు కంప్యూటరుది. కానీ ఆమెకు శుభ్రంగా వినపడితే? ఆ తర్వాత ఏముందో ఆలోచించడానికి అతనికి ధైర్యం చాలలేదు. చూపు పోయినప్పుడు చెవులున్నాయి. చెవులు పోతే కృపావతి పక్కనే కూర్చుని మాట్లాడినా, ఆమె ఉన్నట్టు తెలిసేది చెయ్యి తగిలినప్పుడే.

సాయంత్రం ఆమె వచ్చినప్పుడు అతను ఏమీ అడగలేదు. ప్రెస్సుకు ఫోను చేసి జ్వరమని చెప్పాడు. మంగళవారం కూడా అదే అబద్ధం చెప్పాడు.

బుధవారం ఫ్యాను కింద అన్నం తింటుంటే వంటింట్లోంచి కృపావతి ఏదో అంది.

"ఏందీ?" అన్నాడు.

ఆమె మళ్ళీ చెప్పింది. మళ్ళీ అర్థం కాలేదు.

"ఏందంటాండావ్ మే?"

కృపావతి గిన్నెతో దగ్గరికొచ్చింది. "చారు పోయాలా అంటి. యాడుంది నీ ధ్యాస?"

ఫ్యాను చప్పుడో, వంటింట్లో నూనె చిటపటో అడ్డమొచ్చి ఉండచ్చు. ఎవరికైనా అవుతుంది. అయినా ఆ రోజంతా అతను ఇంట్లో ప్రతి చప్పుడునూ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. కుళాయి చుక్క, బల్లి, పక్కింటి టీవీ. ఏదైనా కాసేపు ఆగిపోతే, అది ఆగిందో తన చెవే ఆగిందో తెలియక చప్పట్లు కొట్టి చూసుకున్నాడు.

గురువారం పొద్దున హెడ్‌ఫోను సంచిలో వేసుకుని నంద్యాల బస్సెక్కాడు. ప్రెస్సులో పనుందని ఇంట్లో చెప్పాడు. ఆటో అతను చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ముందు దించాడు. కర్రతో తడుముకుంటూ మూడు మెట్లెక్కాడు. లోపలినుంచి మందుల వాసన వచ్చింది.

"యాడికి పోవాలప్పా?" అని ఎవరో భుజం పట్టుకున్నారు.

"యాడికీ లేదన్నా, దావ తప్పినా," అని గబగబా మెట్లు దిగేశాడు.

అక్కడినుంచి ఇంకో ఆటోలో ఖాజా పీర్ దుకాణానికి వెళ్ళాడు. ఖాజా పీర్ కుర్చీ వేసి, టీ తెప్పించి, సంగతంతా విన్నాడు.

"హెడ్‌ఫోను తెచ్చినావా? ఈడ పెట్టి చూద్దాం."

"తేలేదన్నా," అన్నాడు రూబెన్. సంచి అతని ఒళ్ళోనే ఉంది.

ఖాజా పీర్ ఆ సంచి వైపు చూశాడు. సంచిలోంచి వైరు బయటికి వేలాడుతున్న సంగతి రూబెన్‌కు ఎట్లా తెలుస్తుంది?

"ఇంట్లో కృపమ్మ విన్నాదా?"

"ల్యా."

"యేమిటికి ల్యా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "భయమా, రూబెన్?"

రూబెన్ తలొంచుకున్నాడు. కంప్యూటరు విప్పి బిగించిన మనిషి, ఈ నాలుగు రోజుల్లో కేబినెట్ మూత కూడా తియ్యలేదు.

"చూడప్పా," అన్నాడు ఖాజా పీర్. "హెడ్‌ఫోనుకు రెండు చెవులకూ రెండు తీగలు, రెంటికీ కలిపి ఉమ్మడి తీగ ఇంగొకటి. ఆ ఉమ్మడిది విడిపోతే, రెండు పక్కలా ఒకేమాదిరి వచ్చే మాట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాది. తేడాగా వచ్చే వాయిద్యాలే మిగుల్తాయి. నీకట్ల అయిందేమో. కాదేమో. ఈన్నుంచి నేనెట్ల చెప్పేది? పిన్ను పెట్టే రంధ్రం ముందర ఒకటే లేదు, యెనక కూడా ఉండాది. నీ చేత్తో నువ్వే తడిమింటివి. ఇంటికి పో. ముందు ఆయమ్మకు వినిపించు."

బస్సు శిరివెళ్ళ దాటేదాకా రూబెన్ ఆ మాటలే వల్లెవేసుకున్నాడు. అవి నమ్మాలని ఉంది. నమ్మి, అది కాకపోతే? ఇల్లు చేరేసరికి చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయింది. కృపావతి ఇంట్లోనే ఉంది.

"మే, కృపా, ఈడికి రా. దీన్ని పెట్టుకో."

పిన్నును అదే ముందు రంధ్రంలో గుచ్చి, హెడ్‌ఫోను ఆమె చేతికిచ్చి, ఒక ప్రసంగం పెట్టాడు. ఆమె పక్కనే నిలబడి బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. అయిదు, ఆరు, ఏడు. సెకన్లు లెక్కపెడుతున్నాడు.

"ఏందిది?" అంది కృపావతి. "బాయిలో బడి మాట్లాడినట్లుండాది. ఒక్క ముక్క తెలుస్తాంటే ఒట్టు."

రూబెన్ బల్ల అంచు వదిలేశాడు. నేల మీద కూర్చుండిపోయాడు. ఆమె కంగారుపడి పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పాడు అంతా. కర్నూలు డాక్టరు, జ్వరం అబద్ధం, ఆసుపత్రి మెట్లు. చెప్తూ చెప్తూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"ఇరవై ఏండ్లా?" అంది కృపావతి. కోపమొచ్చింది ఆమెకు. "ఇన్నేండ్లు నా పక్కన పండుకుని, ఒక్కనివే భయపడ్తాంటివా? సిగ్గు లేదా నీకు?" ఆ తిట్టే నోటితోనే అతని తల దగ్గరికి లాక్కుంది.

తర్వాత రూబెన్ మూత విప్పాడు. ముందు రంధ్రం వెనకున్న చిన్న పలకను వేలితో తాకితే వదులైన పన్నులా ఊగింది. అతుకు ఊడిపోయింది. కేబినెట్ వెనక్కి చెయ్యి పోనిచ్చి, వరుసగా ఉన్న రంధ్రాలు తడిమి, పిన్ను గుచ్చాడు. తెర చదివే గొంతు చెవి పక్కన కూర్చుని పలికినంత స్పష్టంగా పలికింది.

అక్కడితో భయం పోయిందా అంటే పోలేదు. ఇంట్లో ఇద్దరికీ తెలిసింది, అంతే. తర్వాతి సోమవారం కృపావతి సెలవు పెట్టి అతన్ని నంద్యాలలో ఆ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఈసారి అతను మెట్ల దగ్గర ఆగాడు గానీ ఆమె చెయ్యి వదల్లేదు. బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, సన్నటి కూత వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. కూతకూ కూతకూ మధ్య నిశ్శబ్దం అతన్ని చంపేసింది. ఇప్పుడు కూత లేదా, ఉండీ తనకు వినపడలేదా?

పరీక్ష చేసినామె కాగితం చూసి చెప్పింది. "కుడి చెవిలో బాగా సన్నటి శబ్దాలు కొంచెం తగ్గాయి. మాటకు ఇబ్బంది లేదు. ఇది మీ కంటి జబ్బు వల్లేనని ఇప్పుడే చెప్పలేం. ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి."

బయటికొచ్చి ఇద్దరూ బస్టాండుకు నడిచారు. అక్కడ కృపావతి అడిగింది. "వేళ్ళతో చదివేది ఉంటాది కదా, చుక్కలది. నువ్వు నేర్చుకోలేదే?"

"అప్పుడు ఇష్టం లేకపోయె," అన్నాడు. నిజానికి చూపు పోయిన ఆ రోజుల్లో ఆ చుక్కల పుస్తకం ముట్టుకుంటే గుడ్డివాడినని ఒప్పుకున్నట్టే అనిపించింది. ఆ తర్వాత కంప్యూటరు గొంతు దొరికింది, అవసరం పడలేదు.

ఇప్పుడు ప్రతి శనివారం నంద్యాల వెళ్తున్నాడు. ఫెబా అనే రిటైరైన టీచరమ్మ, పుట్టుగుడ్డి, తన ఇంట్లోనే బ్రెయిలీ నేర్పుతుంది. మొదటి రోజు అతని చూపుడు వేలు పట్టుకుని ఒక చుక్క మీద పెట్టి, "ఇది అ," అంది. నలభై మూడేళ్ళ వేలు మొద్దుబారిపోయి ఉంది. ఆరు చుక్కల గడిలో ఏది పైదో ఏది కిందిదో తెలియక, రెండో వారమే విసుగొచ్చి పుస్తకం మూసేశాడు.

"గమ్మునుండు నాయనా," అంది ఫెబా. "తొందరేముండాది? తెరువు."

తెరిచాడు.