జాకెట్‌లో మడిచిన గోలీలు

తప్పు మాత్రది కాదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. ఎందుకంటే నేను ఈ సంగతి ఎప్పుడు ఎత్తినా మా వాళ్లు "అయితే ఆ గోలీలే మంచివి కావంటవ్" అని తేల్చేస్తారు. నేను అలా అనలేదు. గర్భం రాకుండా రోజూ వేసుకునే ఆ మాత్రలు ఎందరికో సరిపడ్డాయి. నాకు సరిపడవు. సరిపడవని తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడగని వాళ్లందరూ నాకు గుర్తున్నారు.

మొదటివాడు మా మెడికల్ షాపు ఆయన. ఇల్లందులో మేముండే ఇళ్ల వరస, అంటే మా లైన్ చివరనే ఆయన షాపు. మా చర్చిలో సంఘ పెద్ద కూడా ఆయనే. నాకు రెండో కాన్పులో రక్తం చాలా పోయింది. పాప పాలు మానేసింది, నాకు ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం దొరికింది. మూడో కాన్పుకు నా ఒళ్లూ సిద్ధంగా లేదు, నేనూ సిద్ధంగా లేను. షాపులో ఎవరూ లేని వేళ చూసుకుని వెళ్లి మెల్లగా అడిగాను.

"ఏ గోలీలు టీచరమ్మా? గట్టిగ చెప్పు, ఫ్యాన్ చప్పుడుకి ఇనవడ్తలేదు."

గట్టిగా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"తమ్ముడికి చెప్పే వచ్చినవా?"

తమ్ముడంటే మా ఆయన. ఆ తమ్ముడికి దగ్గు మందు కావాలన్నప్పుడు ఈయన ఏనాడూ "మా చెల్లెకు చెప్పే వచ్చినవా" అని అడగలేదు. నాకు ఒళ్లు మండింది. "తలనొప్పి గోలీలే ఇయ్యండన్నా" అన్నాను. ఇచ్చాడు. ఎలాంటి తలనొప్పి అని అయినా అడిగాడా? లేదు. ఆ ఆదివారం ప్రార్థనలో మాత్రం, బిడ్డల విలువ తెలియని కుటుంబాల కోసం చాలాసేపు వేడుకున్నాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు గానీ గొంతు మా బెంచీ వైపే తిరిగి ఉంది.

అందుకే నేనూ లైన్‌లో అందరిలాగే మా తోటికోడలి దారి పట్టాను. ఆమె మా బావగారి భార్య, పక్కింట్లోనే ఉంటుంది. నేను అక్కా అంటాను. జాకెట్లు కుడుతుంది. లైనింగ్ గుడ్డ, హుక్కులు, దారాల కోసం నెలకోసారి ఖమ్మం వెళ్తుంది. మా లైన్ ఆడవాళ్లందరి గోలీలూ ఆ బస్సులోనే వస్తాయి. ఖమ్మంలో మనమెవరో ఎవరికీ తెలియదు కాబట్టి అక్కడి షాపులో ఎన్ని అడిగినా ఎవరూ కళ్లద్దాలు తియ్యరు. కొన్న వెంటనే అక్క డబ్బాలనూ, వాటిలో మడత పెట్టి ఉండే కాగితాలనూ బస్టాండ్‌లోనే పారేస్తుంది. ఉత్త గోలీల షీట్లు లైనింగ్ గుడ్డలో చుట్టుకుని వస్తుంది. ఎవరి షీటు వాళ్ల జాకెట్ మడతలో పెట్టి "నీ జాకెట్ అయింది, తీస్కపో" అని గుమ్మంలోంచి కేకేస్తుంది. ఇంత మంది ఆడవాళ్లకు ఇన్ని జాకెట్లు ఎందుకని మా మగవాళ్లు ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నారు.

ఈ ఏర్పాటును అందరూ మెచ్చుకునేవారు. నేను మాత్రం మొదటి నెలే అడిగాను.

"అక్కా, పోయినసారి ఎదురింటామెకు తెచ్చింది వేరే రంగు కదా?"

"గది దొరకలే. అన్నీ ఒక్కటే పిల్లా."

"చివర్ల ఈ ఎర్ర గోలీలు ఎందుకున్నయ్?"

"బలానికి."

"ఆడోళ్లకా, మొగోళ్లకా అక్కా?" అంది కొలతలిస్తున్న ఒకావిడ. కత్తెర పక్కన పడేసి అక్క పడీ పడీ నవ్వింది. నా ప్రశ్న ఆ నవ్వులో కొట్టుకుపోయింది. అవి ఇనుము గోలీలనీ, వాటిని వరసలో చివరనే వేసుకోవాలనీ నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మా లైన్‌లో వాటితోనే మొదలుపెట్టిన వాళ్లూ ఉన్నారు.

నా తలనొప్పి గురించి ఇక్కడ చెప్పాలి. పదో తరగతి నుంచి ఉంది. ముందు కంటి మూల రేకుల కప్పు మీద ఎండ పడినట్టు తళుక్కుమంటుంది. ఆ తళుకు వంకర టింకర గీతలా పెరుగుతుంది. చదువుతున్న మాటలో సగం అక్షరాలు మాయమవుతాయి. కాసేపటికి ఆ మెరుపు పోయి, తలకు ఒక పక్కన నొప్పి మొదలై, వాంతితో ఆగుతుంది. ఇది అందరికీ చెప్పాను. మా అమ్మ కళ్లద్దాలు పెట్టించింది. మా అత్తమ్మ వేడి చేసిందని మజ్జిగ తాగించింది. ఏడాదికి రెండు మూడు సార్లు వచ్చేది, గోలీలు మొదలుపెట్టాక నెలకే అన్ని సార్లు రాసాగింది. అదీ చెప్పాను. ఎవరు వింటారు?

మా ఆయన భద్రాచలం వైపు అడవి రోడ్ల పనుల మీద ఉంటాడు. శనివారం సాయంత్రం వస్తాడు, సోమవారం పొద్దున్నే పోతాడు. ఆయన దగ్గర దీనికి ఉపాయం ఉంది.

"నేనొచ్చిన దినమే ఏసుకోరాదే? ఉత్తగ రోజూ ఎందుకు మింగుడు? గందుకే తలనొస్తుంది."

"అట్ల పని చెయ్యదయ్యా అది."

"ఎందుకు చెయ్యదు? మనిషి లేనిదే గోలీ ఎందుకు?"

ఆ ఉపాయం పాటించిన వాళ్ల పిల్ల ఇప్పుడు మా స్కూల్లోనే నర్సరీ చదువుతోంది. నేను పాటించలేదు. రోజూ రాత్రి అన్నం తిని గిన్నెలు కడగ్గానే వేసుకున్నాను, ఒక్క రోజు తప్పలేదు. చెయ్యాల్సింది నేను సరిగ్గా చేశాను. అదే నా కోపం.

ఒకనాడు ఐదో తరగతిలో బోర్డు మీద రాస్తున్నాను. రాసిన మాటలో కుడి సగం నాకు కనిపించలేదు. ఇది మామూలే అనుకున్నాను. అంతలో కుడి చేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. ఆ తిమ్మిరి మోచేతి దాకా పాకి, అక్కడి నుంచి పెదవికీ నాలుకకీ వచ్చింది. సుద్దముక్క కింద పడింది. పిల్లలతో "కూర్చోండి" అనబోయాను. నోట్లోంచి ఏదో వచ్చింది గానీ అది "కూర్చోండి" కాదు. పిల్లలు నవ్వారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, చిన్న పిల్లలు. కబురంది ఆటోలో వచ్చిన అక్క నన్ను దవాఖానాకు తీసుకుపోతూ దారంతా "టిఫిన్ తినకుండ పోయినవా?" అని అడుగుతూనే ఉంది. ఆమె మీద కోపం ఉంది.

సర్కారు దవాఖానాకు చేరేసరికి తిమ్మిరి తగ్గి తలనొప్పి మొదలైంది. ఓ చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. చేతులు పైకెత్తించింది, నవ్వమంది, నడిపించింది. తర్వాత అడిగింది.

"నొప్పి రాకముందు కళ్ల ముందు మెరుపుల్లాంటివి కనిపిస్తాయా?"

పదో తరగతి నుంచి నేను ఎదురు చూస్తున్న ప్రశ్న అది.

"అవ్ మేడమ్" అన్నాను.

"రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా?"

చెప్పాను. ఆమె బీపీ పట్టీ చుడుతూనే వరసగా అడిగింది. టీబీ మందులు, మూర్ఛ మందులు వాడుతున్నారా, వాటితో ఆ గోలీ పని తగ్గిపోతుంది. కాలి పిక్క వాచి నొప్పి పెట్టిందా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చాయా. ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డ కట్టిన జబ్బు ఉందా. చుట్టగానీ బీడీగానీ తాగుతారా.

"నేను టీచర్ని మేడమ్."

"టీచర్లు తాగరా? నేను అందరినీ అడుగుతాను. ముప్ఫై అయిదు దాటి పొగతాగే ఆడవాళ్లకు ఈ మాత్ర ఇవ్వకూడదు. బీపీ ఎక్కువున్నా ఇవ్వకూడదు. కళ్ల ముందు మెరుపులొచ్చి వచ్చే తలనొప్పి ఉన్నవాళ్లకు అసలే ఇవ్వకూడదు. ఇందులో ఉండే రెండు హార్మోన్లలో ఒకదానితో మీలాంటి వాళ్లకు పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఈ రోజుతో ఆపెయ్యండి. మీకు ఈ మాత్ర రాసిందెవరు?"

నేను అక్క వైపు చూశాను. అక్క గోడ మీద దోమల బొమ్మ చూస్తోంది.

"ఎవరూ రాయలేదు మేడమ్. జాకెట్‌లో వచ్చింది."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను, ఖమ్మం బస్టాండ్‌లో పారేసే కాగితాలతో సహా. అక్క నా చెయ్యి గిల్లింది, తిమ్మిరి పట్టిన చెయ్యే.

గోలీ ఆపితే గర్భం రావచ్చు కాబట్టి ఈ రోజు నుంచే కండోమ్ వాడాలంది డాక్టరమ్మ. తర్వాత హార్మోన్ లేని కాపర్-టీ వేయించుకోవచ్చు, లేదా మీ ఆయన చిన్న ఆపరేషన్ చేయించుకోవచ్చు అంది. పెద్ద దవాఖానాలో తల పరీక్ష చేయించుకోమని చీటీ రాసింది. ఆ తర్వాత అక్క వైపు తిరిగింది.

"మీరు కూడా అవే వాడుతున్నారా? రండి, బీపీ చూస్తాను."

"నాకేమయిందమ్మా? రాయి తీర్గ ఉన్న. జల్దీ పోవాలె, మిషన్ మీద పనుంది."

అని లేచి బయటికి నడిచింది. ఆటో మా లైన్ మలుపు తిరిగాక అంది: "నా పరువంత ఆ పిల్ల డాక్టర్ ముందల పెట్టినవ్. నీ కోసమే కదా తెచ్చింది?"

"నా కోసమే తెచ్చినవ్ అక్కా. నాకు తలనొస్తుందని చెప్పిన. వంద సార్లు చెప్పిన."

"తలనొప్పి ఎవరికి రాదే?"

శనివారం మా ఆయనకు అంతా చెప్పాను. పక్షవాతం అన్న మాట విన్నాక చాలాసేపు నా కుడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత "ఆపరేషన్ అంటే మల్ల నేను బరువులెట్ల ఎత్తాలె?" అన్నాడు. కూలీల మీద పెత్తనం చేసే మనిషి, ఆయన ఎత్తే బరువు టిఫిన్ డబ్బా. పైవారం నేనే వెళ్లి కాపర్-టీ వేయించుకున్నాను. అది గుండెలోకి పాకుతుందని మా అత్తమ్మ ఏడ్చింది. తల పరీక్షలో ఏమీ లేదన్నారు.

అంతటితో నేను ఊరుకోవాల్సిందని అందరూ అంటారు. ఎందుకు ఊరుకోవాలి? నాలాంటి తలనొప్పి లైన్‌లో ఇంకెవరికి ఉందో, ఎవరి బీపీ ఎంతో, అక్క బీపీ ఎంతో ఎవరికి తెలుసు? శుక్రవారం ఆడవాళ్ల ప్రార్థన కూడికలో, మనవులు చెప్పమన్నప్పుడు లేచి నిలబడ్డాను. నా చెయ్యి పడిపోబోయిందని చెప్పాను. ఎందుకో చెప్పాను. గోలీ పేరు గట్టిగానే చెప్పాను, అక్కడ ఫ్యాన్ కూడా లేదు. "వేసుకునేటోళ్లు వేసుకోండి, మంచిదే. కానీ ముందు పోయి బీపీ చూపించుకోండి. మెరుపులు కనబడ్తయా, పిక్క వాస్తదా, ఏం మందులు వాడుతున్నరు, అన్నీ చెప్పి తెచ్చుకోండి. సర్కారు దవాఖానాలో ఉత్తగనే ఇస్తరు. జాకెట్‌లో తెచ్చుకోకండి" అన్నాను.

సంఘ పెద్ద భార్య ఆ రోజు కూడికను త్వరగా ముగించింది. అక్క నాతో మాటలు మానేసింది. నేను కుట్టడానికిచ్చిన నీలం జాకెట్ కూడా ఇవ్వలేదు. గోడకు అవతల మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉండేది. పిల్లలతో కూర పంపేది, గిన్నె తిరిగి పంపితే కడిగింది సరిపోలేదని మళ్లీ కడిగేది, నాకు వినపడేలా. నేనూ తక్కువ తినలేదు. ఆమె ఖమ్మం బస్సెక్కడానికి పోతుంటే గుమ్మంలో నిలబడి "బీపీ, బీపీ" అని మా పాపకు అక్షరాలు నేర్పించాను.

లైన్ ఆడవాళ్లు ఒక్కొక్కరే, ఒకరికి తెలియకుండా ఒకరు, దవాఖానాకు పోయి వచ్చారు. చాలామందికి ఏమీ లేదు, అవే గోలీలు అక్కడే తీసుకుంటున్నారు. నాకు ఒక్కరూ థ్యాంక్స్ చెప్పలేదు. చెప్పని వాళ్లెవరో నాకు తెలుసు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం గుమ్మంలోంచి కేక వినపడింది. "నీ జాకెట్ అయింది, తీస్కో."

అక్క. మొహం పాలిపోయి ఉంది. జాకెట్ నా చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ మడత విప్పి చూశాను. ఏమీ లేదు.

"చూడకు. నేను ఇంక తెస్తలేను" అంది. మెట్టు మీద కూర్చుంది. "పోయిన. చూపించుకున్న. బీపీ బాగ ఎక్కువుందంట నాకు. ఇన్నేండ్లు ఎవరిని అడిగి మింగినవని ఆ పిల్ల డాక్టర్ నన్ను తిట్టింది. గోలీలు బంద్ చేయించింది. మల్ల బీపీకి గోలీలిచ్చింది."

నేను మంచినీళ్లిచ్చాను. పక్కన కూర్చున్నాను. ఏదైనా మంచి మాట చెప్పాలనే అనుకున్నాను, నిజంగానే.

నీళ్లు తాగి మూతి తుడుచుకుంది. "గింత సంగతి ఉన్నదని తెలిసినప్పుడు నాకు ముందే చెప్పొద్దా?" అంది.

"అక్కా!"

"ఏంది అక్కా? గట్టిగ చెప్పాలె. నువ్వెప్పుడూ ఏదో ఒకటి గునుస్తనే ఉంటవ్, అండ్ల ఏది ఇనాలె మనిషి?"

ఇప్పుడు మా లైన్‌లో కొత్తగా కాపురానికొచ్చిన ఏ పిల్లయినా కొలతలివ్వడానికి పోతే అక్క టేపు భుజాన వేసుకుని ముందు అడుగుతుంది: "గోలీలు ఏసుకుంటున్నవా? బీపీ చూపిచ్చినవా? కండ్ల ముందట మెరుపులొస్తయా?" అవునంటే ఆ పూటే వెంటబెట్టుకుని దవాఖానాకు తీసుకుపోతుంది. ఇదంతా తనకు తానే కనిపెట్టినట్టు చెబుతుంది. నేను గోడకు ఇవతల వింటూనే ఉంటాను. నా చెయ్యి మళ్లీ తిమ్మిరెక్కలేదు. మెరుపులు అప్పుడప్పుడూ వస్తాయి, పోతాయి.

ఆ నీలం జాకెట్ చంక దగ్గర పట్టేసింది. కుట్టు విప్పి వదులు చేసిమ్మని ఇచ్చాను. ఇంకా ఇవ్వలేదు.